ఆయన మౌనాన్ని దేవుడి మౌనం అనుకోకండి

ఉత్తరం: "నాకు 43 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది. మూడు వారాలకోసారి చొప్పున ఆరు కీమోలన్నారు, నాలుగు అయ్యాయి. దాచుకున్న పాపమేదో ఉండబట్టే ఈ జబ్బు వచ్చిందని మా అత్తయ్య అంటారు, ఉపవాస ప్రార్థన చేయమంటారు. నాలుగో కీమో అయిన పదో రోజు 101 జ్వరం వచ్చింది. చెబితే నీ విశ్వాసం ఇంతేనా అంటారని పారాసిటమాల్ వేసుకుని, రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా ప్రార్థించుకున్నాను. తగ్గింది. మా ఆయన ఏమీ అనరు. దేవుడు నన్ను నిజంగా ప్రేమిస్తున్నాడా? ఎన్ని రోజులు ఉపవాసం ఉండాలి?"

ఒక్క పూట కూడా వద్దమ్మా. ఉపవాసం ప్రశ్నకి జవాబు అంతే. కీమో నడుస్తుండగా ఒంటికి తిండీ నీళ్లూ ఆపితే బరువు తగ్గుతుంది, కిడ్నీల మీద భారం పడుతుంది, తర్వాతి డోసు వాయిదా పడే పరిస్థితి రావచ్చు. ఆ మాట మళ్లీ ఎవరెత్తినా, డాక్టరు వద్దన్నారని చెప్పి ఊరుకోండి.

మీరు రెండు ముక్కల్లో తేల్చేసిన జ్వరమే నన్ను భయపెట్టింది. కీమో మందు క్యాన్సర్ కణాలతో పాటు ఎముక మూలుగలో తయారయ్యే తెల్ల రక్తకణాలనీ దెబ్బతీస్తుంది. సాధారణంగా ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా అవి బాగా పడిపోయి ఉంటాయి. మీకు జ్వరం వచ్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే. అప్పుడు ఇన్ఫెక్షన్ సోకితే వాపూ చీమూ కూడా సరిగా కనబడవు, చాలాసార్లు జ్వరమొక్కటే జాడ. పారాసిటమాల్ ఆ జాడనీ చెరిపేస్తుంది. ఈసారి తగ్గింది, సంతోషం. మళ్లీ అలా చేయకండి. థర్మామీటర్ నాలుక కింద పెట్టి చూసుకోండి. 100.4 చూపిందంటే, రాత్రి రెండైనా సరే, మాత్ర వేసుకోకుండా ఆస్పత్రికి బయల్దేరాలి. చలితో వణుకు పుడితే జ్వరం లేకపోయినా వెళ్లాలి. గుమ్మంలో అడుగు పెడుతూనే "కీమో మీద ఉన్నాను, ఫలానా తేదీన ఎక్కించారు" అని చెప్పండి, లేకపోతే మామూలు జ్వరాల వరసలో కూర్చోబెట్టేస్తారు. పరీక్షకి రక్తం తీసుకుని, గంటలోపే యాంటీబయాటిక్ మొదలుపెట్టాల్సిన స్థితి అది.

ఇక పాపం సంగతి. పుట్టుగుడ్డివాణ్ని చూపించి, వీడు పాపం చేశాడా, వీడి తల్లిదండ్రులా అని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వాళ్లూ కాదు అన్నాడు యేసు. బైబిల్లో అన్నీ పోగొట్టుకుని ఒళ్లంతా పుండ్లతో ఉన్న యోబు పక్కన, ఆయన స్నేహితులు ఏడు రోజులు నోరెత్తకుండా కూర్చున్నారు, వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. నీ పాపమే కారణమని వాదించినందుకు యోబు గ్రంథం చివరి అధ్యాయంలో దేవుడి కోపం వాళ్ల మీదే రగిలింది. జబ్బుపడిన హిజ్కియా రాజు కన్నీళ్లతో చేసిన ప్రార్థన దేవుడు విన్నాడు, అయినా పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమని యెషయా ప్రవక్త చెప్పాడు. మందు అవిశ్వాసమైతే ఆ ముద్ద ఎందుకు? అపొస్తలుడు పౌలు తన ఒంట్లో ముల్లులా గుచ్చే బాధని తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, తీయలేదు. ఆ కారణంగా దేవుడు తనని వదిలేశాడని ఆయన అనుకోలేదు. నీరసంలో గంటసేపు ప్రార్థన కుదరదు, కుదరకపోవడం తప్పూ కాదు. 88వ కీర్తన తీయండి. ఓదార్పు లేకుండా చీకట్లోనే ముగుస్తుంది, అయినా అది ప్రార్థనే. ఐదు నిమిషాలు చాలు.

ఇవన్నీ మీకు తెలియనివి కావు. మరి ఎందుకు నమ్మకం కలగడం లేదు? మీ ఉత్తరంలో అత్తగారి మాటలే నిండిపోయాయి, భర్త గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం: "ఏమీ అనరు." అసలు దెబ్బ అక్కడ తగిలింది. అత్తగారు అన్నదానికి కాదు, ఆవిడ అంటుంటే ఆయన నోరెత్తనందుకు మీరు కుంగిపోయారు. ఒకే గదిలో పడుకునే మనిషి పలక్కపోతే, కనిపించని దేవుడు కూడా పలకడం లేదనే అనిపిస్తుంది. ఆయన భయపడుతూ ఉండవచ్చు. భయం ఉన్నా నోరు విప్పాల్సిన బాధ్యత పోదు. కట్టుకున్న మనిషిని పాపి అంటుంటే వింటూ కూర్చోవడం తల్లి పట్ల గౌరవం కాదని నా గట్టి నమ్మకం.

కీమో ఎక్కించిన వారంలో ఈ మాట ఎత్తకండి. కీమోతో పాటు స్టెరాయిడ్ ఇచ్చిన రోజుల్లో నిద్ర పట్టదు, చిరాకు ఎక్కువ. మూడో వారంలో ఒంట్లో కాస్త ఓపిక వస్తుంది, అప్పుడు, అత్తగారు లేని సమయం చూసి అడగండి: "ఏమండీ, నా పాపం వల్లే ఈ జబ్బని అత్తయ్య అన్నప్పుడు మీరు మాట్లాడడం లేదు. మీరూ అలాగే అనుకుంటున్నారా?" అడిగి ఊరుకోండి. ఆ నిశ్శబ్దాన్ని మీరే నింపకండి. ఆయన ఏడిస్తే ఏడవనివ్వండి. జవాబు ఏదైనా, మూడు పనులు ఆయనకి అప్పగించండి. ఐదో కీమోకి పక్కన కూర్చుని డాక్టరు చెప్పేది స్వయంగా వినాలి. ఆస్పత్రి అత్యవసర నంబరు ఫోన్‌లో పెట్టుకుని, జ్వరం వస్తే అర్ధరాత్రయినా తీసుకెళ్లాలి. వాళ్లమ్మతో ఆయనే మాట్లాడాలి, మీరు కాదు. అత్తగారితో బైబిల్ వాక్యాలు పెట్టి వాదనకి దిగకండి, ఆవిడ మీకోసం ప్రార్థిస్తానంటే మాత్రం కాదనకండి. ప్రార్థనకి వచ్చేవాళ్లలో జలుబూ దగ్గూ ఉన్నవాళ్లని ఆ ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య మీ గదిలోకి రానివ్వవద్దు.

బతకాలనిపించకపోయినా, రెండు వారాలకి మించి ఏడుపు ఆగకపోయినా అదీ డాక్టరుకి చెప్పండి. బతకాలనిపించినా నిద్ర పట్టని రాత్రులే ఎక్కువైతే అదీ చెప్పాల్సిందే. చచ్చిపోతానన్న ఏలీయా ప్రవక్తకి దేవదూత ప్రసంగం చేయలేదు. తట్టిలేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చి, రెండోసారి లేపి తినమన్నాడు.

ఐదో కీమోకి ముందే ఆ 101 జ్వరం సంగతి డాక్టరుకి తెలియాలి. తెల్లకణాలు పెంచే ఇంజెక్షన్ ఇవ్వాలా, డోసు మార్చాలా అన్నది దాన్ని బట్టే ఉంటుంది. రేపు ఫోన్ చేసి చెప్పండి. ఆయన వింటుండగా చెప్పండి.