లప్పం కింద ఏముందో చూశారా?

(ఫైబర్‌గ్లాస్ బాడీ ఉన్న పాత స్పోర్ట్స్ కార్ల బాగుచేతపై పాఠకుల ప్రశ్నలు. జవాబులిస్తున్నవారు కాకినాడ జగన్నాథపురంలో పద్నాలుగేళ్ళు ఫైబర్ బోట్లు కట్టారు. ఇప్పుడు మిషిగన్‌లో, తన ఇంటి గ్యారేజీలో కార్వెట్‌లు (ఫైబర్ బాడీ ఉన్న అమెరికన్ స్పోర్ట్స్ కార్లు) బాగుచేస్తున్నారు.)

ప్రశ్న: నా దగ్గర 1969 కార్వెట్ ఉంది. ఎడమవైపు ముందు ఫెండర్ మీద అరచెయ్యంత పొడవున పగులు. రెండుసార్లు లప్పం పెట్టించి రంగు వేయించాను. రెండుసార్లూ ఏడాది తిరక్కుండా అదే చోట తేలింది. ఫెండరే మార్చెయ్యమంటున్నారు. మార్చమంటారా?
– ఒక పాఠకుడు, సెయింట్ లూయిస్

జవాబు: మార్చొద్దు బాబూ. మీ కారు పుట్టింది మీ ఊళ్ళోనే. 1953లో మొదటి 300 కార్వెట్‌లు మా మిషిగన్‌లోని ఫ్లింట్‌లో తయారయ్యాయి. ఆ మరుసటేడు నుంచి 1981 దాకా సెయింట్ లూయిస్‌లో చేశారు. ఆ ఫ్యాక్టరీలో అతికించిన ఫెండరు ఇంకా బండి మీదుంటే దాన్ని బతికించుకోవడమే మేలు.

లప్పం గుంట పూడుస్తుందే గాని రెండు ముక్కల్ని పట్టి ఉంచలేదు. ఫైబర్‌లో బలమంతా గాజు పోగులది. పగులిచ్చిందంటే ఆ పోగులు తెగాయన్నమాట. పైన ఎంత నున్నగా లప్పం తీసినా, బండి గతుకులో పడ్డప్పుడల్లా కింద ఆ రెండు అంచులూ ఒరుసుకుంటూనే ఉంటాయి. బోటు అడుగున బీట పడితే మా జగన్నాథపురంలో ఎవరూ లప్పం డబ్బా తియ్యరు, ముందు గ్రైండర్ తీస్తారు. కారుకైనా పద్ధతి అదే.

ముందు రంగు తియ్యాలి. నేను పదునైన బ్లేడుతో గీకుతాను. ఒక్క ఫెండరుకి ఒక పూట పడుతుంది, అయినా అదే నమ్మకం. రేకు కార్లకు వాడే రిమూవర్ పూశారంటే రంగుతోపాటు గాజు పోగుల్ని పట్టి ఉంచే జిగురుని, అంటే రెజిన్‌నీ తినేస్తుంది. ఇసుకతో కొట్టించడం అసలే వద్దు. రంగు పోయాక చూడండి, పైకి అరచెయ్యంత కనిపించిన పగులు కింద జానెడుంటుంది. దాని చివర ఎక్కడో తేల్చుకోకుండా మొదలుపెట్టకండి.

తర్వాత చక్రం తీసి, లోపలి వైపు మట్టీ గ్రీజూ కడిగి, గ్రైండర్‌తో గరుకు చేసి, రెండు పొరల మ్యాటు (గాజు పోగుల గుడ్డ) రెజిన్‌తో తడిపి వెయ్యండి. ఫెండరు వంపు చెడకుండా అది పట్టి ఉంచుతుంది. అది గట్టిపడ్డాక బయటివైపు పగులుకి రెండు పక్కలా ఏటవాలుగా గ్రైండ్ చెయ్యండి. మందానికి పన్నెండు రెట్లు వాలు ఉండాలి. అంటే మూడు మిల్లీమీటర్ల మందానికి ఒక్కో పక్క 36 మిల్లీమీటర్లు. మంచి ఫెండరుని అంత మేర అరగదీయడానికి ఎవరికైనా చెయ్యి ఆడదు. కానీ కొత్త మ్యాటు పట్టుకునేది ఆ వాలునే. రెజిన్ తాగిన మ్యాటు తెలుపు పోయి గాజులా అవ్వాలి. తెల్లగా మిగిలిన ప్రతి చోటా గాలి ఉంది, రోలర్ మళ్ళీ తిప్పండి. మీది 1969 బండి కాబట్టి పాలియెస్టర్ రెజిన్ సరిపోతుంది. 1973 ప్రాంతం నుంచి వచ్చిన ఎస్.ఎం.సి. (అచ్చులో నొక్కి చేసే ఫైబర్ రకం) ప్యానెళ్ళకు అది సరిగా అతకదు, వాటికి ఎపాక్సీ వాడాలి. రంగుకి తొందరపడకండి. రెజిన్ ఇంకా కుదించుకుంటూ ఉంటుంది, కొన్ని వారాలు ఎండ తగలనివ్వండి.

ఇంత చేశాక కూడా మూడోసారి పగలొచ్చు, ఎందుకంటే ఆ పగులుకి మూలం ఫెండరులో ఉండకపోవచ్చు. ప్యానెళ్ళ అతుకుల వెనక ఫైబర్ పట్టీలుంటాయి. పాత గుద్దులో ఆ పట్టీ ఊడిపోయుంటే ఫెండరు ఊగుతూనే ఉంటుంది. నాణెంతో తట్టుకుంటూ వెళ్ళండి. అతుకు గట్టిగా ఉన్నచోట ఖణేల్మంటుంది, ఊడినచోట డొల్లగా పలుకుతుంది. బాడీకీ ఛాసిస్‌కీ మధ్య రబ్బరు దిమ్మలు నలిగిపోయాయేమో కూడా చూడండి. బాడీ లేపాల్సి వస్తే ఏ దిమ్మ దగ్గర ఎత్తు సరిచేసే రేకు బిళ్ళలు ఎన్ని ఉన్నాయో ముందే రాసుకోండి.

ఇక అసలు భయం ఉక్కుది. ఈ కార్లకు పైన ఫైబర్ ఉన్నా, కూర్చునే చోటు చుట్టూ, ముందద్దం చుట్టూ ఉక్కు చట్రం ఉంటుంది. ఇక్కడివాళ్ళు బర్డ్‌కేజ్ అంటారు. ముందద్దం కింది మూలల్లోంచి నీళ్ళు దిగి లోపల్లోపలే తుప్పు పడుతుంది. నేను కొన్న మొదటి కార్వెట్‌కి రంగు అద్దంలా ఉండేది. ఇంటికి తెచ్చి, డ్రైవరు కాళ్ళ దగ్గరి పక్క ప్యానెల్ విప్పి, ఆ చట్రం స్తంభం అడుగున స్క్రూడ్రైవర్ ఆనిస్తే పిడి దాకా దిగిపోయింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు. చట్రం వెల్డింగుకి రెండు చలికాలాలు పట్టింది. నాలుగు స్క్రూలు విప్పితే తెలిసిపోయే సంగతి. మీరు ఈ ఆదివారమే విప్పి చూడండి.

ప్రశ్న: నా కార్వెట్‌కి ఇండికేటర్ వేస్తే వెనక లైటు మసకబారుతోంది. రేడియోలో ఇంజనుతో పాటు పెరిగే గీమనే శబ్దం. వైరింగ్ మొత్తం మార్చాలా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: అక్కర్లేదు. రేకు కారులో బాడీయే ఎర్తు. ఫైబర్‌లో కరెంటు పారదు కనక ప్రతి లైటు నుంచీ ఛాసిస్‌కి విడిగా నల్ల తీగ ఉంటుంది. దాని చివర బోల్టు విప్పి, మెరిసేదాకా రుద్ది బిగించండి. రేడియో గొడవకూ అదే కారణం: ఇంజను చేసే అలజడిని ఫైబర్ ఆపలేదు. అందుకే డిస్ట్రిబ్యూటర్ (స్పార్కు ప్లగ్గులకు కరెంటు పంచేది) మీద స్టీలు మూత పెట్టేవారు. పాత యజమానులు దాన్ని తీసి పక్కన పెట్టేసి ఉంటారు, వెతికి బిగించండి.

ప్రశ్న: మా వారు గ్యారేజీలో కారు గ్రైండింగ్ చేస్తున్నారు. ఇంట్లో అందరికీ ఒకటే దురద. పాపకి మూడేళ్ళు. ప్రమాదమా?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: అమ్మా, ఆయన్ని ఈరోజే ఆపమనండి. ఆ పొడి దూలగొండిలా గుచ్చుకుంటుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా చెడ్డది. ఇంటిని ఆనుకున్న గ్యారేజీలో ఈ పని వద్దు. బయట, గ్రైండరుకి వాక్యూమ్ తగిలించి, ఫిల్టరున్న రబ్బరు మాస్కు, కళ్ళద్దాలు పెట్టుకుని చెయ్యాలి. ఆ బట్టలు ఇంట్లోకి రాకూడదు, విడిగా ఉతకాలి. ఒంటిని రుద్దకుండా నీళ్ళతో కడుక్కోవాలి. రుద్దితే పోగులు ఇంకా లోపలికి దిగుతాయి. రెజిన్ గట్టిపడడానికి కలిపే హార్డ్‌నర్ సీసా పాపకి అందనిచోట తాళం వేసి పెట్టండి. ఒక్క చుక్క పడినా కన్ను పోవచ్చు. మా యార్డులో మాకు మాస్కులుండేవి కావు, తువ్వాలు చుట్టుకునేవాళ్ళం. ఆ దగ్గు నాకిప్పటికీ తగ్గలేదు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ప్రశ్న: మావయ్యగారి సిపానీ డాల్ఫిన్ పాతికేళ్ళుగా షెడ్డులో ఉంది. బానెట్ మూడు ముక్కలైంది. ఎక్కడా దొరకడం లేదు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ ఉత్తరం చూసి ప్రాణం లేచొచ్చింది. ఇంగ్లండు కారు రిలయంట్ కిటెన్‌ని నమూనాగా పట్టుకుని 1980లలో బెంగళూరులో కట్టిన ఫైబర్ కారది. స్పోర్ట్స్ కారు కాకపోయినా ర్యాలీల్లో పరిగెత్తింది. ముక్కల్లో ఒక్కటీ పారెయ్యకండి. వెనక నుంచి మ్యాటుతో మూడింటినీ కలపండి. పైన లప్పం తీసి, పాత వంపు అచ్చంగా వచ్చేదాకా రుద్దండి. లప్పం పనికొచ్చేది ఇదిగో, ఇక్కడే. తర్వాత మైనం పాలిష్ చాలాసార్లు పట్టించి, దాని మీద అచ్చు పోసి, ఆ అచ్చులోంచి కొత్త బానెట్ తియ్యాలి. కాకినాడలోనో విశాఖలోనో బోట్లు చేసేవాళ్ళని అడగండి, వాళ్ళకి ఇది రోజూ చేసే పనే. అచ్చు మాత్రం వాళ్ళ దగ్గర వదిలెయ్యకుండా ఇంటికి తెచ్చుకోండి. అలాంటి కారు షెడ్డులో పెట్టుకుని బానెట్ కోసం వెతుకుతున్నవాళ్ళు ఇంకా ఉంటారు.