గ్యాస్‌తో నడిచే స్టీమ్ టర్బైన్ ప్లాంట్‌లో ఆపరేటర్ పని నిజంగా తేలికేనా?

బొగ్గు లేదు, బూడిద లేదు, బొగ్గు పొడిచేసే మిల్లుల గోల లేదు కాబట్టి డ్యూటీ హాయిగా ఉంటుందా అని అడిగారు. బాయిలర్ ముందు వరకూ మీరనుకున్నది నిజమే. ఆ తర్వాత అది అచ్చంగా స్టీమ్ ప్లాంటే. ఇలాంటి యూనిట్ కంట్రోల్ రూమ్‌లో షిఫ్టులు చేసినవాడిగా చెబుతున్నా, యూనిట్‌ను లేపేటప్పుడు, ఆపేటప్పుడే అసలు పని.

ఇది గ్యాస్ టర్బైన్ కాదు. గ్యాస్ బాయిలర్‌లోని ఫర్నేస్‌లో మండుతుంది, సుమారు 540 డిగ్రీల ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది.

లేపేటప్పుడు జాగ్రత్తంతా ఫర్నేస్ గురించే. మండని గ్యాస్ లోపల పేరుకుంటే మొదటి నిప్పురవ్వకే పేలుతుంది. అందుకే బర్నర్ వెలిగించే ముందు ఫ్యాన్లు నడిపి, కనీసం 5 నిమిషాలు గాలితో పర్జ్ చేస్తాం, అంటే లోపల మిగిలిన గ్యాస్‌ను బయటికి నెట్టేస్తాం. లోడ్ (కరెంటు) ఎప్పుడిస్తారంటూ ఫోన్లు మోగుతుంటే ఆ కాసేపూ ఒకటే టెన్షన్. అయినా సరే, పర్జ్‌ను బైపాస్ చేయమని ఎవరన్నా ఒప్పుకోవద్దు. గ్యాస్ లైన్లో రెండు షటాఫ్ వాల్వులు, వాటి మధ్య ఒక వెంట్ వాల్వు ఉంటాయి. బర్నర్ ఆరగానే ఆ రెండూ మూసుకుని వెంట్ తెరుచుకుంటుంది. మొదటి వాల్వు కాస్త లీకైనా గ్యాస్ ఫర్నేస్‌లోకి రాకుండా వెంట్ గుండా బయటికి పోతుంది. ప్లాంట్ మొత్తంలో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఇదే.

ఆపేటప్పుడు టర్బైన్‌ది వేరే కథ. యూనిట్ ట్రిప్ అయినా (ఉన్నట్టుండి ఆగిపోయినా) రోటర్, అంటే టర్బైన్‌లో తిరిగే షాఫ్ట్, చాలాసేపు వేడిగానే ఉంటుంది. కదలకుండా వదిలేస్తే పైభాగం ఎక్కువ వేడిగా, కింది భాగం తక్కువ వేడిగా ఉండి షాఫ్ట్ వంగిపోతుంది. అందుకే చల్లారేదాకా బారింగ్ గేర్ (షాఫ్ట్‌ను నెమ్మదిగా తిప్పే మోటారు గేరు) మీద మెల్లగా తిప్పుతూనే ఉండాలి. స్పీడ్ పడిపోతున్నంతసేపూ నా చూపు బేరింగులకు వెళ్లే ల్యూబ్ ఆయిల్ ప్రెషర్ మీదే ఉండేది. ఏసీ కరెంటు మొత్తం పోతే బ్యాటరీ మీద నడిచే డీసీ ఆయిల్ పంపు ఒక్కటే బేరింగులకు దిక్కు. దాన్ని క్రమం తప్పకుండా టెస్ట్ చేయించే షిఫ్ట్ ఇన్‌చార్జి దొరికితే అదృష్టమే.

నడుస్తున్నప్పుడు కనిపెట్టుకుని ఉండాల్సింది కండెన్సర్ (టర్బైన్ నుంచి వచ్చిన ఆవిరిని చల్లార్చి నీరుగా మార్చేది) వాక్యూమ్‌ని. ఒక నైట్ షిఫ్టులో అది కొద్దికొద్దిగా పడిపోతూ వచ్చింది. కూలింగ్ వాటర్ బాగానే ఉంది, కండెన్సర్‌లోని గాలిని లాగేసే ఎజెక్టర్ కూడా బాగానే ఉంది. చివరికి చూస్తే గ్లాండ్ల (షాఫ్ట్ టర్బైన్ నుంచి బయటికొచ్చే చోటి సీళ్ల) సీలింగ్ స్టీమ్ ప్రెషర్ తగ్గి, ఎల్పీ (తక్కువ ప్రెషర్) టర్బైన్ గ్లాండ్ల దగ్గర బయటి గాలి లోపలికి దూరుతోంది. వాల్వు సరిచేశాక గేజి ముల్లు మెల్లగా తన చోటికొచ్చింది.

ఇంకో సంగతి కూడా ఆలోచించుకోండి. గ్యాస్ టర్బైన్ వదిలే వేడితో స్టీమ్ టర్బైన్‌ను కూడా నడిపే కొత్త కంబైన్డ్ సైకిల్ ప్లాంట్ల ఎఫిషియెన్సీ 60 శాతం దాకా ఉంటే, వీటిది 40 దగ్గరే ఆగిపోతుంది. దాంతో చాలాచోట్ల వీటిని కరెంటు వాడకం బాగా పెరిగే పీక్ లోడ్ సమయాల్లోనే నడుపుతారు. అలాంటి యూనిట్‌లో పడితే, నేను కష్టమన్న ఆ లేపడం, ఆపడం మీకు మాటిమాటికీ తప్పదు.