చేత్తో వేసిన కబుకీ నటుడి బొమ్మ కొనొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: టోక్యోలో ఉన్న మీ స్నేహితుడు వచ్చేటప్పుడు ఒక కబుకీ (జపాన్ సంప్రదాయ నాటకం) నటుడి బొమ్మ తెస్తానన్నాడు. వేళ్లు విప్పార్చిన రెండు చేతులు, గుడ్లురుముతున్న మొహం. దుకాణంవాళ్లు ‘చాలా పాతది, చేత్తో వేసిన ఒరిజినల్’ అంటున్నారు. తెమ్మనాలా, వద్దనాలా?

ఒరిజినల్ ధరకైతే వద్దనండి. ‘చేత్తో వేసిన’ అన్నారంటే అది ఒరిజినల్ కాదని వాళ్లే ఒప్పుకున్నట్టు.

మీరు చెప్పినది షరాకు అనే జపాన్ చిత్రకారుడి బొమ్మ. 1794లో, టోక్యోని ఇంకా ‘ఎదో’ అనే పాత పేరుతో పిలుస్తున్న రోజుల్లో, ఒక నాటకంలో మూడో ఒతాని ఒనిజి అనే నటుడు ఎదోబే అనే దుర్మార్గపు నౌకరు వేషం కట్టాడు. డబ్బు లాక్కోడానికి మీద పడబోతున్న క్షణం అది. దాన్ని షరాకు కాగితం మీద గీత గీసి ఇచ్చాడు, అంతవరకే అతని పని. చెక్కేవాడు ఆ గీతను చెర్రీ చెక్క పలక మీద చెక్కాడు. ఒక్కో రంగుకి వేరే పలక. అచ్చు వేసేవాడు తడి కాగితాన్ని పలక మీద పరిచి, వెనక నుంచి రుద్ది రంగులు ఎక్కించాడు. పెట్టుబడి ప్రచురణకర్త త్సుతాయా జూజాబురోది. మన లెక్కలో చెప్పాలంటే ఇది పెడన అచ్చుల అద్దకం, కాళహస్తి కలం పని కాదు.

(నల్ల గీతను అచ్చు వేసి, రంగులు చేత్తో పూసిన నటుల బొమ్మలూ ఉన్నాయి. కానీ అవి 1700ల తొలి దశాబ్దాలవి, షరాకు కంటే బాగా ముందువి.)

ఈ తెలివి నాకు ఊరికే రాలేదు. నేను టోక్యోలో ఉద్యోగం చేసిన రోజుల్లో ఒక టూరిస్టు వీధిలో ఇదే బొమ్మని ‘చేతి పని’ అంటే నమ్మి, మంచి ధరే పెట్టి కొన్నాను. పాత పుస్తకాల దుకాణాలుండే జింబోచోలో ఒక పెద్దాయనకి గొప్పగా చూపిస్తే, ఆయన ఏమీ అనకుండా భూతద్దం నా చేతికిచ్చాడు. చెంప మీద అన్నీ చుక్కలే! యంత్రం మీద ఆఫ్‌సెట్ ప్రింటు తీసి, కనుబొమల మీద, కాలరు మీద కుంచెతో నాలుగు గీతలు దిద్దారు. అంతే చేతి పని.

ఆ ఉక్రోషంతోనే నేనే వేద్దామని కూర్చున్నాను. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం వెబ్‌సైట్‌లో ఈ బొమ్మ పెద్ద ఫోటో ఉచితంగా దొరుకుతుంది. దాన్ని అసలు సైజులో, అంటే ఎత్తు సుమారు 38 సెంటీమీటర్లు, వెడల్పు 25, ప్రింటు తీసి కింద లైటు పెట్టి వాషి అనే జపాన్ కాగితం మీద దించడం మొదలెట్టాను. మొదటి కాగితం సిరా పీల్చేసుకుని, ముక్కు గీత కాస్తా గొంగళిపురుగైంది. దోసా పూయని కాగితం కొన్నానని తర్వాత తెలిసింది. దోసా అంటే పటిక, జంతువుల జిగురు కలిపిన నీళ్లు. అది పూసి ఆరబెట్టాకే కాగితం మాట వింది.

రెండోసారి గీతలు బాగానే వచ్చాయి. రంగులూ కుదిరాయి. గోడకి పెట్టి చూస్తే మాత్రం ఏదో తేడా. మనిషి కోపంగా లేడు, ఎవరికో దారి చెబుతున్నట్టున్నాడు. రెండు రోజులు చూశాక పట్టుకున్నాను. షరాకు గీసిన చేతులు ఆ మొహానికి మరీ చిన్నవి. భుజం నుంచి వచ్చినట్టు కూడా ఉండవు, ఛాతీ దగ్గర బట్టల్లోంచి హఠాత్తుగా మొలుచుకొచ్చినట్టుంటాయి. దించేటప్పుడు నాకు తెలియకుండానే నా చెయ్యి వాటిని ‘సరిచేసింది’. కొంచెం పెద్దవి చేసింది, వేళ్లు తీర్చిదిద్దింది. దాంతో ఆ టెన్షన్ మొత్తం పోయింది.

అప్పటి నుంచి ఎక్కడ నకలు కనబడినా నేను ముందు చేతులే చూస్తాను. ఎక్కువమంది నాలాగే సరిచేస్తారు. షరాకు ఆడవేషం కట్టిన నటుణ్ణి గీసినా లోపలి మగవాడి దవడ కనబడేలా గీసేవాడు. నటుల్ని మరీ ఉన్నదున్నట్టు చూపించబోయి ఎక్కువకాలం నిలవలేదని ఆ కాలంవాళ్లే రాసిపెట్టారు. పది నెలల్లో 140కి పైగా అచ్చుబొమ్మలు వచ్చాయి, తర్వాత మనిషి జాడ లేదు. అలాంటివాడి బొమ్మని అందంగా దిద్దితే ఇక దేనికి?

ఇంకో విషయం, వెనక నల్లటి నేల (బ్యాక్‌గ్రౌండ్). అది ఉత్త నల్లరంగు కాదు, అభ్రకం పొడి. మాది నెల్లూరు వైపు, గూడూరు అభ్రకం గనుల పేరు వింటూ పెరిగినవాణ్ణి, అయినా అది బొమ్మల్లోకి వస్తుందని టోక్యో వెళ్లేదాకా తెలీదు. అసలు అచ్చుని దీపం కింద కొంచెం వంచితే నేలంతా వెండిలా కదులుతుంది. నేను జిగురులో కలిపి కుంచెతో పూస్తే చారలు చారలుగా వచ్చింది. మామూలు నల్లరంగు పూసి వదిలేసిన నకళ్లు చాలా చూశాను. అవి ఫోటోలో బాగానే ఉంటాయి, గోడ మీద చచ్చిపోయినట్టుంటాయి.

కాబట్టి నకలని చెప్పి, నకలు ధరకి ఇస్తుంటే, చేతులూ నేలా బాగుంటే నిక్షేపంగా తెమ్మనండి. చేత్తో వేసినది తక్కువేమీ కాదు, దాని పేరు దానికి ఉండాలి, అంతే. అచ్చు పద్ధతే కావాలనుకుంటే, టోక్యోలో అదాచి సంస్థవాళ్లు ఇప్పటికీ పలకలు చెక్కించి, చేత్తో అచ్చు వేయించి షరాకు బొమ్మలు అమ్ముతున్నారు. నా ఓటు దానికే.

ఈలోగా మీ స్నేహితుణ్ణి రెండు ఫోటోలు అడగండి. ఒకటి చేతులకి బాగా దగ్గరగా, ఇంకోటి కాగితం వెనకవైపు. పలక అచ్చయితే వెనక రంగు ఊరి, రుద్దిన జాడలు ఉంటాయి. ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.