పిల్లల మాట వినేటప్పుడు వాళ్ల పేర్లు జాగ్రత్త

చిన్నా,

విజయవాడ సింగ్‌నగర్‌లో ఇంటర్ పిల్లల్ని కూర్చోబెట్టి వాళ్ల భవిష్యత్తు గురించి వాళ్లనే అడుగుతావట, వాళ్లు చెప్పింది రాసి కార్పొరేషన్‌లో ఇస్తావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే నాకు ఎంత గర్వమనిపించిందో అంత టెన్షన్ కూడా పట్టుకుంది, అందుకే రాస్తున్నాను.

స్టేజీ, శాలువాలు వద్దు. ముఖ్య అతిథి అసలే వద్దు. ఆదివారమైతే సగం మందికి టెస్టులుంటాయి, ముందే కనుక్కో. ఆడపిల్లలు చీకటి పడకముందే ఇల్లు చేరాలి.

ఇక అసలు సంగతి. నేను ఉద్యోగంలో ఉండగా గుంటూరులో ఇలాంటి సభే ఒకటి జరిగింది. పెట్టినాయన మంచివాడే, పిల్లలంటే ప్రాణం. హాస్టల్లో ఉండే ఫస్టియర్ కుర్రాడొకడు మైకు పట్టుకుని, రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్ అనీ, తెల్లారకముందే లేపేస్తారనీ, ఆడుకోవడం మర్చిపోయామనీ చెప్పాడు. హాలంతా చప్పట్లు. ఆయన ఎవరు ఏమన్నారో పేరు, సెక్షన్‌తో సహా కాగితం మీద రాసి, బాగుపడుతుందనే ఆశతో తీసుకెళ్లి ఆ కాలేజీవాళ్లకే ఇచ్చాడు. వారం తిరక్కుండా వాడి నాన్నని పిలిపించారు. పల్నాడు రైతు, కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నవి ఉన్నట్టే వదిలేసి బస్సెక్కి వచ్చాడు. ఆఫీసు గది ముందు ఆ పిల్లాడు 'నేనేం అనలేదు నాన్నా, నేనేం అనలేదు' అంటూ ఏడుస్తుంటే నేను అక్కడే ఉన్నాను. ఆ తర్వాత వాడు క్లాసులో చెయ్యెత్తడం నేను చూడలేదు.

అందుకే పేరు రాయకు, ఫొటో తీయకు, వీడియో మాట ఎత్తకు. వాట్సాప్‌లో పెడతానన్నావంటే నేనే వచ్చి నీ చెవి మెలిపెడతాను. చీటీల మీద రాయించు, చేతిరాత కూడా బయటపడకుండా నువ్వు తిరగరాసి ఇవ్వు. మాట మాత్రం వాళ్లదే ఉండాలి, నీ భాషలోకి దిద్దకు.

పెద్దయ్యాక ఏమవుతావని అడగకు నాన్నా, ఆ ప్రశ్న చుట్టాలంతా అడుగుతూనే ఉంటారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు ఈ పిల్లల్లో ఎంతోమంది డాబాల మీదే ఉన్నారు. ఏ సందులోకి నీళ్లు ముందొచ్చాయో, పాలు, మంచినీళ్లు ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయాయో వాళ్లకి తెలుసు. రేపు ఆ ఇళ్లలో కాపురం చేయాల్సింది కూడా వాళ్లే. కాలవ గురించి, కట్ట గురించి వాళ్లనే అడుగు.

ఆఫీసులో ఎవరైనా 'ఓటు లేని పిల్లలతో ఏం పని' అంటే తగ్గకు. ఓటు వయసేమీ మారనిది కాదు, 21 నుంచి 18కి వచ్చిందే 1989లో. పైగా ఓటు లేకపోయినా పిల్లలకి మాట చెప్పే హక్కుంది. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం ఉంది. తమకి సంబంధించిన విషయాల్లో పిల్లలు అభిప్రాయం చెప్పొచ్చు, వయసునీ పరిణతినీ బట్టి దానికి విలువ ఇవ్వాలి అంటుంది. మన దేశం 1992లోనే అందులో చేరింది. ఆ పేజీ ప్రింటు తీసి జేబులో పెట్టుకో.

కాగితం ఇచ్చాక మళ్లీ పిల్లల దగ్గరికి వెళ్లి ఏమైందో చెప్పు, ఏమీ కాకపోయినా సరే. తేదీ ఖాయమయ్యాక ఫోన్ చెయ్యి, చీటీలు తిరగరాయడానికి నేనూ వస్తాను. వేళకి తిను.

మీ పెద్దమ్మ