‘ద ఫీల్డ్’ సినిమాలో కథ గాడి తప్పుతుందంటున్నారు, అయినా చూడవచ్చా?

తప్పకుండా చూడండి. మీరు విన్న విమర్శ నిజమే, చివరి భాగంలో కథ అదుపు తప్పుతుంది. అయినా ప్రధాన పాత్ర వేసిన రిచర్డ్ హారిస్ కోసం నేను దాన్ని మళ్ళీ మళ్ళీ చూస్తూనే ఉన్నాను.

జాన్ బి. కీన్ 1965 నాటి నాటకం ఆధారంగా జిమ్ షెరిడన్ 1990లో తీసిన ఐర్లండ్ సినిమా ఇది. బుల్ మెక్‌కేబ్ అనే ముసలి రైతు ఒక వితంతువు పొలాన్ని ఏళ్ళ తరబడి కౌలుకు చేస్తుంటాడు. సముద్రపు నాచును బుట్టలకెత్తి, కొడుకుతో కలిసి కొండ మీదికి మోసి, రాతినేలను పచ్చగా మార్చినవాడు. ఆమె ఆ పొలాన్ని వేలానికి పెడుతుంది. డబ్బున్న అమెరికన్ ఒకడు పోటీకి వస్తాడు.

మాదీ కౌలు ఇల్లే. మేము చేస్తున్న చేనును ఆసామి అమ్మేసిన ఏడాది మా నాన్న ఎలా ఉండేవారో నాకు తెలుసు. అందుకే బుల్ ‘నా పొలం’ అన్నప్పుడు, కాగితాల ప్రకారం అది అతనిది కాదని తెలిసినా, ఆ మాట నాకు అబద్ధంగా తోచలేదు. దాని వెనుక ఐర్లండ్ చరిత్రా ఉంది. 1845లో మొదలైన బంగాళాదుంపల కరువులో సుమారు పది లక్షల మంది చనిపోయారు, అంతకు మించి దేశం వదిలి వెళ్ళారు. అలా వెళ్ళినవాళ్ళ బిడ్డ డబ్బు సంచితో తిరిగివచ్చి నేల అడిగితే, ఉండిపోయినవాళ్ళ బిడ్డకు ఎలా ఉంటుంది? ఆ కోపాన్ని హారిస్ ఒంటి నిండా మోస్తాడు.

మొదట ఈ పాత్రకు అనుకున్నది రంగస్థలం మీద బుల్‌గా వేసిన రే మెకనలీని. ఆయన 1989లో మరణించడంతో అది హారిస్ చేతికి వచ్చింది, ఆస్కార్ నామినేషన్ తెచ్చింది. హ్యారీ పాటర్ మొదటి రెండు సినిమాల డంబుల్‌డోర్‌గానే ఆయన తెలిసినవారు ఇక్కడ గుర్తుపట్టడం కష్టం. అందరూ ఆయన గర్జించే సన్నివేశాలనే మెచ్చుకుంటారు. నాకు మాత్రం గొంతు తగ్గించి బెదిరించేటప్పుడే ఎక్కువ భయం వేస్తుంది.

బుల్ భార్యగా బ్రెండా ఫ్రికర్‌ను జాగ్రత్తగా గమనించండి. పెద్ద కొడుకు ఆత్మహత్య తరువాత ఆ దంపతులకు ఏళ్ళుగా మాటల్లేవు. దాదాపు సంభాషణే లేని పాత్రలో ఆమె ఆ ఇంటి బరువంతా చూపుతుంది. ఊళ్ళో అందరి చుట్టూ తిరిగే బర్డ్ అనే మనిషిగా జాన్ హర్ట్ కూడా అద్భుతం.

లోపాలంటే, అమెరికన్ పాత్రకు ప్రాణం లేదు. కొడుకు ప్రేమకథ తొందరగా అతికించినట్టు ఉంటుంది. ముగింపులో విషాదం మీద విషాదం పేర్చారు, నాటకం అలా ముగియదు.

యాస గట్టిది కాబట్టి సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. వీలైతే పెద్ద తెర మీద చూడండి, షూటింగ్ జరిగిన ఐర్లండ్ పల్లె లీనాన్ కొండలు ఫోనులో పట్టవు.