మాల తీయగానే గ్లాసు మారింది

ప్రశ్న: నాకు దేవుడి మీద నమ్మకం లేదు. ఆ సంగతి ఎనిమిదేళ్ల కిందట పెళ్లికి ముందే చెప్పాను. మామగారు ఏటా అయ్యప్ప మాల వేసుకుంటారు. ఈసారి మా పనిమనిషి కొడుకు కూడా వేసుకున్నాడు. ఇంట్లో భిక్ష పెట్టిన రోజు మామగారు "స్వామీ" అంటూ అతని కాళ్లకు దణ్ణం పెట్టి, తన పక్కనే విస్తరి వేయించారు. మాల తీసిన వారానికి అతనికి టీ మళ్లీ పెరటి పిట్టగోడ మీద విడిగా బోర్లించే గ్లాసులోనే. "తాతయ్యా, అన్న ఇప్పుడు స్వామి కాదా?" అని మా బాబు అడిగాడు. నేను ఉండబట్టలేక ఆడపడుచు, ఆవిడ భర్త ముందే "మీ నీతి 41 రోజులేనా?" అనేశాను. అప్పటి నుంచి మామగారు నాతో మాట్లాడటం లేదు. "దేవుణ్ణి నమ్మనిదానికి నీతేం తెలుసు" అంటారు అత్తగారు. మావారేమో సారీ చెప్పెయ్ అంటున్నారు. చెప్పాలా?

జవాబు: అన్న తీరుకు చెప్పండి. అడిగిన విషయానికి వద్దు. కూతురి ముందు, అల్లుడి ముందు పరువు పోయిందని ఆయన బాధ. "అందరి ముందు అనకుండా ఉండాల్సింది మామయ్యా, కానీ ఆ గ్లాసు నాకు తప్పుగానే అనిపిస్తోంది" అనండి. ఆ రెండో సగం మింగేయకండి.

నేనూ నమ్మకం లేనివాణ్ణే. మతం చెప్పే నీతికి నిలకడ లేదన్న మీ మాట ఒప్పుకుంటాను. శబరిమలనే చూడండి. మాల వేసుకున్నవాడిది ఏ కులమైనా స్వామి అనే పిలవాలి. ఎంత మంచి మాట! అదే కొండ మీదికి పదేళ్లు దాటి యాభై లోపున్న ఆడవాళ్లు రాకూడదు. 2018లో సుప్రీంకోర్టు రావచ్చని తీర్పిస్తే, వద్దని రోడ్డెక్కిన భక్తుల్లో ఆడవాళ్లూ ఉన్నారు. ఏది పట్టుకోవాలో, ఏది వదలాలో భక్తులే ఏరుకుంటారు. ఆ ఏరుకోవడంలో దేవుడికంటే చుట్టాలేమనుకుంటారో అన్న భయానిదే పెద్ద పాత్ర అని నా అనుమానం.

అయితే మీరు గురి తప్పారు. మీ మామగారిలో తప్పు పట్టాల్సింది మిగతా రోజుల్ని. మీరు వెక్కిరించింది ఆ 41ని. బుద్ధెరిగినప్పటి నుంచీ ఉన్న అలవాటు పక్కన పెట్టి ఆ కుర్రాడి కాళ్లకు దణ్ణం పెట్టడం ఆయనకు తేలికేమీ కాదు. "ఆ రోజు మిమ్మల్ని చూస్తే నాకు చాలా గౌరవం కలిగింది, మళ్లీ ఎందుకిలా?" అని అడిగి చూడండి. దేవుడున్నాడా లేడా అన్న గొడవ ఈ గ్లాసుకు అక్కర్లేదు.

అత్తగారికి గోరా గారి గురించి చెప్పండి. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన మనిషి. పెద్దమ్మాయిని దళిత యువకుడికి ఇచ్చి చేయాలనుకున్నారు. ఆ పెళ్లి సేవాగ్రామ్ ఆశ్రమంలో చేయిద్దామన్నది రామనామం జపించే గాంధీ. ఆయన హత్య తర్వాత 1948లో అక్కడే జరిగింది. దేవుడి దగ్గర ఆ ఇద్దరికీ కుదరలేదు, అంటరానితనం దగ్గర కుదిరింది.

అలాగని మనమేదో నిలకడగా ఉన్నామనుకోకండి. నాస్తికులమని ఉపన్యాసాలిచ్చి, పిల్లల సంబంధాల దగ్గర శాఖ దాకా ఆరా తీసేవాళ్లు నాకు బాగా తెలుసు. మీ ఉత్తరంలోనూ ఒక మాట లేదు. పెళ్లయి ఎనిమిదేళ్లు. ఆ గ్లాసు అక్కడ ఎన్నాళ్లుగా ఉంది? అందులో టీ పోస్తున్నదెవరు?

రోజూ పోసేది మీరే అయితే పని సులువు. ఆ గ్లాసు తీసి పారేయండి, అందరి గ్లాసుల్లోనే ఇవ్వండి. ముందుగా మీవారితో మాట్లాడండి. మిమ్మల్ని సారీ చెప్పమన్న మనిషి, వాళ్ల నాన్నకు ఈ మార్పు సంగతి తనే చెప్పాలి. ఇంట్లో గొడవ ముదిరితే దాని దెబ్బ ఆ తల్లీకొడుకుల మీద పడకుండా, ఆవిడ పని పోకుండా చూసే బాధ్యత మీ ఇద్దరిదీ.

బాబుకు ఇంకా జవాబు దొరకలేదు కదా. "అన్న ఎప్పుడూ మనలాంటివాడే. తాతయ్య చేసింది తప్పు. అమ్మ కూడా ఇన్నాళ్లూ అదే చేసింది, ఇక చేయదు" అని చెప్పండి. తాతయ్య ఒక్కరి మీదే వేయకండి.