టెక్ సందేహాలు: గూగుల్ ఎర్త్‌లో గీసిన తీగ నేలలోకి దిగిపోతోందేం?

ప్రశ్న: గుట్ట మీదుగా వెళ్లే కరెంటు లైనును గూగుల్ ఎర్త్ ప్రోలో త్రీడీగా గీస్తున్నాను. ఎత్తులు ఫోన్‌లోని జీపీఎస్ యాప్ నుంచి తీసుకున్నాను. గీత చాలాచోట్ల మాయమవుతోంది. టవర్ల మధ్య తీగ వేలాడినట్టు కూడా రావడం లేదు. ఏం చేయాలి?
- ఓ పాఠకుడు, హన్మకొండ

జవాబు: ఇదే ఫిర్యాదు వస్తూనే ఉంది. డ్రోన్ దారి గీసేవారిదీ, కాలువ గట్టు గీసేవారిదీ ఇదే గోల.

ఎత్తును దేని నుంచి లెక్కించాలో చెప్పే పద్ధతుల్లో తీగకు 'యాబ్సల్యూట్'నే పెట్టండి. 'రిలేటివ్ టు గ్రౌండ్' పెడితే ప్రతి బిందువు ఎత్తునూ దాని కింది నేల నుంచే లెక్కిస్తుంది. మధ్యలో గుట్ట ఉంటే తీగ కూడా గుట్ట ఎక్కి దిగుతుంది.

గీత మాయమవడానికి కారణం వేరే. యాబ్సల్యూట్ ఎత్తును సముద్రమట్టం నుంచి లెక్కిస్తారు. జీపీఎస్ నేరుగా ఇచ్చే ఎత్తు మాత్రం డబ్ల్యూజీఎస్ 84 అనే గణిత ఉపరితలం నుంచి కొలిచింది. హైదరాబాద్ ప్రాంతంలో ఈ రెండింటికీ 70 మీటర్ల పైనే తేడా. 540 మీటర్ల నేలను జీపీఎస్ సుమారు 465 అంటుంది. దానికి 30 మీటర్ల టవర్ ఎత్తు కలిపినా 495 దాటదు, అంటే గీత మట్టిలోనే ఉంటుంది. పైగా తప్పు జరిగిందని ఎక్కడా ఒక్క హెచ్చరికా కనిపించదు. ఎత్తును దేని నుంచి కొలిచారో చెప్పకుండా సెంటీమీటర్ల దాకా అంకెలు చూపించే యాప్‌లు క్షమించరానివి. ఆ ఒక్క ముక్క రాయడానికి తెరమీద చోటు లేక కాదు, పట్టింపు లేక. మీ యాప్ ఏ రకమో తేల్చుకోవాలంటే దగ్గర్లోని రైల్వే స్టేషన్‌కు వెళ్లండి. పసుపు బోర్డు మీద సముద్రమట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది. యాప్ అంతకంటే డెబ్బై, ఎనభై మీటర్లు తక్కువ చూపిస్తే ఆ తేడాను ప్రతి ఎత్తుకూ కలపండి.

ఇక వేలాడే తీగ. గీత (పాత్) సెట్టింగుల పెట్టెలో ఇచ్చే ఎత్తు గీత మొత్తానికి వర్తిస్తుంది. అందుకని గీతను కేఎంఎల్‌గా, అంటే గీత వివరాలను అక్షరాల్లో దాచే ఫైలుగా సేవ్ చేసి నోట్‌ప్యాడ్‌లో తెరవండి. ప్రతి బిందువుకూ ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం, చివర ఎత్తు మీటర్లలో. మధ్యలో కామాలే, ఖాళీ వదలకూడదు. ఖాళీ వస్తే మరో బిందువు మొదలైనట్టే లెక్క. మొదటి రెండూ తారుమారైతే హైదరాబాద్ లైను నార్వేవారి స్వాల్‌బార్డ్ మంచులో తేలుతుంది. టవర్ల మధ్య 350 మీటర్లుండి, రెండు కొసలూ ఒకే ఎత్తులో ఉండి, తీగ నడుమ 8 మీటర్లు దిగుతుందనుకుంటే, పావు దూరంలోనూ ముప్పావు దూరంలోనూ 6 మీటర్లు తగ్గించాలి. కొసలతో కలిపి ఈ ఐదు బిందువులతోనే వంపు తెలుస్తుంది, తొమ్మిదైతే నున్నగా వస్తుంది. టవర్‌కు 'ఎక్స్‌టెండ్ పాత్ టు గ్రౌండ్' వాడొద్దు, తీగ పొడవునా గోడ లేస్తుంది. ఒకే రేఖాంశం, ఒకే అక్షాంశంతో నేల ఎత్తున ఒకటి, కొన ఎత్తున ఒకటి, రెండు బిందువులతో విడిగా నిలువు గీత గీయండి. కేఎంఎల్‌లో రాసే రంగు కోడ్‌లో వరుస పారదర్శకత, నీలం, ఆకుపచ్చ, ఎరుపు. వెబ్ అలవాటుతో ఎరుపు ముందు రాస్తే నీలం వస్తుంది.

వీటన్నిటికంటే నన్ను కలవరపెట్టేది వాట్సాప్ గ్రూపుల్లో చేతులు మారే కేఎంజెడ్ ఫైళ్లు. బొమ్మే కదా అని తెరిచేస్తున్నారు. కేఎంఎల్‌లో 'నెట్‌వర్క్ లింక్' అనేది ఒకటుంది. ఫైలు తెరవగానే ఎక్కడో ఉన్న సర్వర్ నుంచి సమాచారం తెచ్చుకుంటుంది, అడిగినన్నిసార్లు మళ్లీ తెస్తుంది. మీరు భూగోళాన్ని తిప్పి ఆపిన ప్రతిసారీ తెరమీదున్న ప్రాంతం హద్దులను ఆ సర్వర్‌కు పంపేలా కూడా అమర్చవచ్చు. మీ ఐపీ చిరునామాతో పాటు మీరు ఏ పొలాన్ని, ఏ సబ్‌స్టేషన్‌ను చూస్తున్నారో అవతలివారికి తెలిసిపోతుంది. ఇది దొంగచాటు లోపం కాదు, అధికారిక సౌకర్యమే. వాతావరణ పటాలకు పనికొస్తుంది కూడా. కాబట్టి యాంటీవైరస్ పట్టుకుంటుందని ఆశపడకండి. కేఎంజెడ్ నిజానికి జిప్ ఫైలే. పేరు చివర జిప్ అని మార్చి, లోపలి కేఎంఎల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి, NetworkLink అనే మాట ఉందేమో వెతకండి. ఉండి, ఆ సర్వర్ ఎవరిదో తెలియకపోతే ఎర్త్‌లో తెరవొద్దు.

పంపేవారికీ ఒక మాట. 'మై ప్లేసెస్' ఫోల్డర్ మొత్తం సేవ్ చేసి పంపేస్తే మీ ఇల్లు, పిల్లల బడి, పొలం గుర్తులన్నీ దాంతో పోతాయి. లైను ఒక్కదాని మీదే రైట్ క్లిక్ చేసి 'సేవ్ ప్లేస్ యాజ్' కొట్టండి. ఫోన్‌లో రికార్డ్ చేసిన ట్రాక్ అయితే పంపేముందు సమయాలనూ, ఇంటి దగ్గరి మొదటి, చివరి బిందువులనూ తీసేయండి.